38 శాతం జంట వచ్చే వారం వస్తుందా?

(ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిద్దరు జంటగా నలుగురు ఆడే పేకాట బ్రిడ్జ్. ఆ క్లబ్బులు నడుపుతున్నవారు, కొత్తగా పెట్టాలనుకుంటున్నవారు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

క్లబ్బు పెడదామనుకునేవారు నన్ను మొదట అడిగేది సామగ్రి గురించి. ఎన్ని బోర్డులు (పంచిన నాలుగు చేతుల ముక్కలనూ విడివిడిగా ఉంచే పళ్ళేలు) కొనాలి, ముక్కలు పంచే యంత్రం అవసరమా, స్కోరు లెక్కలకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని. అవన్నీ కావలసినవే, వాటికి జవాబులూ సులువుగా దొరుకుతాయి. ఈ రోజు నేను ఒక లెక్కతో మొదలుపెడతాను. అది మనసుకు పడితే, క్లబ్బులో మనం చేసే ఏర్పాట్లన్నీ ఎవరి కోసం చేయాలో తెలిసిపోతుంది.

ఏడు టేబుళ్ళ డూప్లికేట్ ఆట అనుకుందాం. ప్రతి బోర్డూ ఏడు టేబుళ్ళ మీదా ఆడతారు. టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చునే ఒక జంటను నార్త్–సౌత్ అనీ, రెండో జంటను ఈస్ట్–వెస్ట్ అనీ అంటాం. అంటే ఏడు నార్త్–సౌత్ జంటలు అవే ముక్కలు పట్టుకుంటాయి. మీకంటే తక్కువ తెచ్చుకున్న ఒక్కో జంటకు మీకు రెండు మ్యాచ్ పాయింట్లు, సమానంగా ఉన్న జంటకు ఒకటి. అందరినీ మించితే 12, అందరికంటే వెనకబడితే సున్నా. ఏడు జంటలవీ కలిపితే ఎప్పుడూ 42. ఆ రోజు అందరూ అద్భుతంగా ఆడినా 42, అందరూ తడబడినా 42. సగటు ఎల్లకాలమూ 50 శాతమే. ఒక జంట 62 శాతంతో మురిసిపోతే, ఆ పైనున్న 12 శాతం మిగతావారి ఖాతాలోంచే రావాలి. కనుక దాదాపు ప్రతి ఆటలోనూ ఎవరో ఒకరు సగటుకు దిగువన, 38 శాతం లాంటి అంకెతో, ఇంటికి వెళ్ళక తప్పదు. ఆట నేర్పడం ఎంత మెరుగుపరిచినా ఈ లెక్క మారదు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ 38 శాతం ప్రతి వారమూ ఒకే జంటకు వస్తుంటే వాళ్ళు ఎన్నాళ్ళు వస్తారు? ఫిర్యాదు చేయరు, ఉత్తరం రాయరు. ఒక వారం పని ఉందంటారు, మరో వారం ఒంట్లో బాగాలేదంటారు, ఆ తరువాత కనిపించరు. వాళ్ళు వెళ్ళగానే, అంతకుముందు 43 శాతం దగ్గర ఉండే జంట అట్టడుగుకు జారుతుంది. వాళ్ళ ఆట ఏమీ తగ్గలేదు, అయినా అంకె తగ్గింది. కొన్నాళ్ళకు వాళ్ళూ మానేస్తారు. పై వరుసలో ఉన్నవారికి ఇదేమీ తెలియదు, వాళ్ళ టేబుల్ నిండుగానే ఉంటుంది. తీరా ఏడు టేబుళ్ళు నాలుగైనప్పుడు, ఈ తరానికి బ్రిడ్జ్ మీద ఆసక్తి లేదని తేల్చేస్తారు. నేను చూసినంతలో క్లబ్బులు కింది నుంచే కరిగిపోతాయి. అందుకే ఏ నిర్ణయానికైనా నా ప్రశ్న ఒక్కటే: ఇలా చేస్తే ఈ రోజు 38 శాతం తెచ్చుకున్న జంట వచ్చే వారం వస్తుందా?

మొదట జోడీ సంగతి. బ్రిడ్జ్‌కు మనిషి ఒక్కడు వస్తే చాలదు. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ‘ఫిన్లాండ్’ అనే ఓడలో పనామా కాలువ మీదుగా ప్రయాణిస్తూ ఈ ఆటకు కొత్త స్కోరు పద్ధతి రూపొందించాడు. దాన్ని ఆడి చూడడానికి ఆయనకూ ముగ్గురు మిత్రులు తోడుండాలి, ఉన్నారు. మన దగ్గరికి వచ్చే కొత్త మనిషికి ఆ ముగ్గురు ఉండరు. ఆట తెలుసు, ఆసక్తి ఉంది, జోడీ లేదు. తలుపు దాకా వచ్చి, అందరూ జంటలుగా కూర్చోవడం చూసి వెనుదిరిగే మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. ‘జోడీ లేకుండా వచ్చినా తప్పకుండా ఆడిస్తాం’ అని క్లబ్బు మాట ఇవ్వాలి, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఒక మనిషిని సిద్ధంగా ఉంచాలి. ఆ మనిషి ఆట వేళకు అరగంట ముందే వస్తారు. ఒంటరిగా ఎవరైనా వస్తే వాళ్ళతో కూర్చుంటారు. ఎవరూ రాకపోతే ఆ రోజు ఆడరు. స్కోర్లు చూసుకుంటారు, లేదా ఇంటికి వెళ్ళిపోతారు. క్లబ్బులో ఇంతకంటే పెద్ద మనసుతో చేసే పని మరొకటి లేదని నా నమ్మకం. ఈ బాధ్యతను వంతులవారీగా పంచండి. నెలకు ఒక్కసారి అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఆ వంతుల్లో మీ క్లబ్బులోని గట్టి ఆటగాళ్ళూ ఉండాలి. కొత్త మనిషి తొలి రోజే క్లబ్బులో పేరున్న ఆటగాడి ఎదుట జోడీగా కూర్చుంటే, ఆ గౌరవం ఆయనకు చాలాకాలం గుర్తుంటుంది.

జోడీలు కుదిర్చేవారు ఆట స్థాయిని చూస్తారు. నేను స్వభావం ముందు చూడమంటాను. నెమ్మదిగా ఆలోచించే మనిషికి తొందర మనిషిని జత చేస్తే ఇద్దరూ నలిగిపోతారు. ఒకే పద్ధతిలో బిడ్ చేసినా (ముక్కలు ఆడే ముందు, ఎన్ని ట్రిక్కులు అంటే పట్లు గెలుస్తామో పోటీగా చెప్పడమే బిడ్), చేసిన పొరపాటును రెండు నిమిషాల్లో మరిచిపోలేని ఇద్దరిని కలపకండి.

ఇక్కడే ఒక కష్టమైన మాట చెప్పాలి. క్లబ్బుల్లో ఏళ్ళ తరబడి కలిసి ఆడిన జంటలుంటాయి. వారిలో ఒకరు కన్నుమూస్తే రెండోవారు క్లబ్బుకు రావడం మానేస్తారు. ఎదుటి కుర్చీలో మరో మనిషిని చూడలేకపోవడం ఒక కారణం. ఎవరిని అడగాలో తెలియకపోవడం రెండోది. ఆ మొదటి కారణం మన చేతుల్లో లేదు, రెండోది పూర్తిగా మన చేతుల్లోనే ఉంది. కొన్ని వారాలు ఆగి ఒకరు ఫోన్ చేయాలి. ‘ఎప్పుడైనా రండి’ అనే పిలుపు చాలదు. ‘వచ్చే శనివారం నాతో ఆడతారా’ అని రోజు, మనిషి పేరు చెప్పి అడగాలి. ఒప్పుకోకపోతే నెల తరువాత మళ్ళీ అడగాలి.

జ్ఞాపకం తగ్గుతున్న పాత ఆటగాళ్ళ విషయం కూడా ఇలాంటిదే. ఒకప్పుడు అందరికీ ఆట నేర్పిన మనిషి ఇప్పుడు ఎన్ని తురుపులు పడ్డాయో మరిచిపోతుంటారు. జోడీ విసిగిపోతుంది, ఎవరూ పైకి అనరు. ఇలాంటివారికి ఒకే జోడీ మీద భారం పడకుండా నలుగురైదుగురు వంతులు తీసుకోవాలి. నెమ్మదిగా సాగే, తక్కువ బోర్డుల విభాగంలోకి ‘అక్కడి కొత్తవాళ్ళకు మీ తోడు కావాలి’ అని పిలవాలి. ఆ పిలుపు నిజమైనదే కావాలి. వారు కొత్తవారికి చెప్పగలిగింది ఇంకా చాలా ఉంటుంది.

ఇక నేర్పడం. బిడ్డింగుతో మొదలుపెట్టే పాఠాలంటే నాకు గట్టి అభ్యంతరం ఉంది. వారాల తరబడి ఏ చేతికి ఏ బిడ్ అని వల్లె వేయించి, ఆ తరువాత ముక్కలు ఆడిస్తే, అప్పటికే సగంమంది వెళ్ళిపోయి ఉంటారు. మినీబ్రిడ్జ్ అనే పద్ధతి ఉంది. అందులో బిడ్డింగు ఉండదు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున నలుగురూ తమ పాయింట్లు చెబుతారు. పేక మొత్తంలో ఉండేవి 40. ఎక్కువ పాయింట్లున్న పక్షంలో ఎక్కువ ఉన్న మనిషి డిక్లేరర్, అంటే ఆ పక్షం ముక్కలన్నీ తానే ఆడించే మనిషి. అతని జోడీ ముక్కలను, అంటే డమ్మీని, పరిచి చూపిస్తారు, దాన్ని చూసి డిక్లేరర్ కాంట్రాక్ట్ (ఏ తురుపుతో ఎన్ని ట్రిక్కులు గెలవాలన్నది) ఎంచుకుంటాడు. తొలి గంటలోనే ఫినెస్ (ఎదుటివారి పెద్ద ముక్క ఎటు ఉందో ఊహించి చిన్న ముక్కతో ట్రిక్కు గెలవడం) అంటే ఏమిటో, తురుపులు ఎప్పుడు లాగాలో చేతితో తెలుస్తుంది. రెండు చేతుల్లో కలిపి 25 పాయింట్లు దాటినప్పుడు గేమ్ (బోనస్ వచ్చే స్థాయి కాంట్రాక్ట్) సాధారణంగా వస్తోందని వాళ్ళే గమనిస్తారు. అప్పుడు బిడ్డింగు నేర్పితే అది దేనికోసమో వాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది: ఎదుట కూర్చున్న మనిషి చేతిలో ఏముందో కనుక్కోవడానికి. ఆ దశలో స్టేమన్, బ్లాక్‌వుడ్ అనే రెండు బిడ్డింగు సంకేతాలు ఉంటే చాలు. ఇంకా కావాలని వాళ్ళే అడుగుతారు.

తొలి రోజు నుంచీ, బిడ్లు ముద్రించిన కార్డులుండే బిడ్డింగ్ పెట్టెలు వాడించండి. స్వీడన్‌లో పుట్టిన ఈ పెట్టెలు ప్రపంచమంతా వ్యాపించడానికి ఒక కారణం గొంతు స్వరంలో సూచనలు దొర్లకుండా ఉండడం. కొత్తవారికి మరో మేలు కూడా ఉంది. జరిగిన బిడ్లన్నీ కళ్ళ ముందే వరుసగా ఉంటాయి, గుర్తుంచుకోవలసిన భారం తగ్గుతుంది. వినికిడి తగ్గినవారికి ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు.

పాఠాలు ముగిశాక ఏం జరుగుతుందన్నది అన్నిటికంటే ముఖ్యం, చాలా క్లబ్బులు ఇక్కడే మనుషులను పోగొట్టుకుంటాయి. పాఠాల గదిలో అడగవచ్చు, వేసిన ముక్క వెనక్కి తీసుకోవచ్చు. మరుసటి వారం అదే మనిషిని 24 బోర్డుల ఓపెన్ ఆటలో, ఒక్కో బోర్డుకు ఏడున్నర నిమిషాల చొప్పున, ఏళ్ళ అనుభవం ఉన్నవారి ఎదుట కూర్చోబెడతాం. ఆ రోజు 31 శాతం వస్తుంది. మధ్యలో ఒక మెట్టు ఉండాలి. అదే హాలులో, అదే సమయంలో, ఒక పక్కన 12 బోర్డుల ఆట పెట్టండి. అక్కడ ప్రశ్నలడగవచ్చు, ఒకరు తిరుగుతూ సాయం చేస్తుంటారు. అదే సమయంలో ఎందుకంటే విరామంలో రెండు విభాగాలవారూ కలుస్తారు, ముఖాలు పరిచయమవుతాయి. వేరే రోజున వేరే గదిలో పెడితే అది వేరే క్లబ్బుగా మిగిలిపోతుంది.

దానితోపాటు, అనుభవజ్ఞులు నెలకొకసారి ఒక కొత్త ఆటగాడితో జోడీ కట్టే ఏర్పాటు చేయండి. నేను వారికి పెట్టే షరతు ఒక్కటే: ఆట జరుగుతుండగా పాఠం చెప్పకూడదు. ముగిశాక ఒక్క బోర్డు గురించి మాట్లాడాలి, అదీ కొత్త ఆటగాడు ఎంచుకున్న బోర్డు.

మూవ్‌మెంట్ల గురించి, అంటే రౌండు రౌండుకూ జంటలూ బోర్డులూ టేబుళ్ళు మారే పద్ధతుల గురించి, పుస్తకాల్లో చాలా ఉంది, నేను కొద్దిగానే చెబుతాను. మిచెల్ మూవ్‌మెంట్‌లో నార్త్–సౌత్ కదలరు, ఈస్ట్–వెస్ట్ పై టేబుల్‌కు, బోర్డులు కింది టేబుల్‌కు వెళ్తాయి. టేబుళ్ళ సంఖ్య సరి అయితే సగం రౌండ్ల తరువాత ఈస్ట్–వెస్ట్ ఒక టేబుల్ దాటి వెళ్ళాలి. ఎనిమిది టేబుళ్ళుంటే నాలుగో రౌండ్ తరువాత అలా దాటించకపోతే, మొదటి రౌండ్‌లో ఆడిన బోర్డులే మళ్ళీ ఎదురవుతాయి. హోవెల్‌లో దాదాపు అందరూ కదులుతారు, ప్రతి జంటా మిగతా జంటలను కలుస్తుంది. టేబుళ్ళు తక్కువున్నప్పుడు న్యాయంగా ఉండేది అదే. అయితే హోవెల్ ఆడించే రోజున మోకాళ్ళ నొప్పులున్నవారికి కదలనవసరం లేని స్థానం ముందే కేటాయించండి, వాళ్ళు అడిగేదాకా ఆగవద్దు.

మిచెల్‌లో నాకు నచ్చేది మరొకటి ఉంది. నార్త్–సౌత్‌లో ఒక విజేత, ఈస్ట్–వెస్ట్‌లో మరో విజేత. ఒకే ఫలితాల పట్టిక కావాలని పట్టుబట్టి, చివరి రౌండ్‌లో బోర్డులను అడ్డంగా తిప్పించే క్లబ్బులున్నాయి. మామూలు వారపు ఆటకు అంత అవసరం లేదు. ఇద్దరు గెలిచే చోట ఒక్కరినే గెలిపించడం దేనికి? అలాగే ఫలితాలు ప్రకటించేటప్పుడు అనుభవాన్ని బట్టి రెండు మూడు శ్రేణులుగా విడదీసి, ప్రతి శ్రేణిలో మొదటివారి పేర్లు చదవండి. అందరూ ఆడేది ఒకే ఆట, 46 శాతం తెచ్చుకున్న కొత్త జంట తమ శ్రేణిలో మొదటిది కావచ్చు. నెలకోసారి స్విస్ టీముల ఆట పెట్టండి. అందులో గెలిచినవారు గెలిచినవారితో, ఓడినవారు ఓడినవారితో తలపడతారు. రెండు మ్యాచ్‌లు పోయాక మూడోదాంట్లో సమాన బలం ఉన్నవారు ఎదురవుతారు. ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళేవారు చాలా తగ్గుతారు.

ఇప్పుడు ఆట నడిపి తీర్పులు చెప్పే డైరెక్టర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. డూప్లికేట్ బ్రిడ్జ్ నియమావళిలో తొమ్మిదో నియమం ఏం చెబుతుందంటే, ఆటలో అవకతవక జరిగిందని ఎవరైనా ఎత్తి చూపిన వెంటనే డైరెక్టర్‌ను పిలవాలి. పదో నియమం ప్రకారం దిద్దుబాటు నిర్ణయించే హక్కు డైరెక్టర్‌దే, ఆటగాళ్ళకు ఆ హక్కు లేదు. ఈ రెండూ బలహీన ఆటగాడికి రక్షణ. వీటిని పాటించని క్లబ్బులో ఏం జరుగుతుందో చూడండి. ఇస్పేటు ఆడినప్పుడు, కొత్త ఆటగాడు చేతిలో ఇస్పేటు ఉండగా కళావరు వేశాడు. దీన్నే రివోక్ అంటారు. ఎదుటి అనుభవజ్ఞుడు ‘రివోక్, రెండు ట్రిక్కులు’ అని రాసేసుకుంటాడు. కానీ నియమం అంత సూటిగా లేదు. రివోక్ చేసిన ఆటగాడే ఆ ట్రిక్కు గెలిచాడా, ఆ పక్షం ఆ తరువాత ఇంకేమైనా గెలిచిందా అన్నదాన్ని బట్టి రెండో ఒకటో ఇవ్వాలి, ఒక్కోసారి ఏమీ ఇవ్వనక్కరలేదు. వంతు కాని మనిషి తొలి ముక్క వేసినప్పుడు డిక్లేరర్‌కు ఐదు దారులుంటాయి. కొత్త డిక్లేరర్‌కు అవి ఐదని తెలియదు. డైరెక్టర్ వచ్చి ఐదూ చదివి వినిపిస్తేనే తెలుస్తుంది.

కాబట్టి డైరెక్టర్‌ను పిలవడం నేరారోపణ కాదని ప్రతి ఆట ముందూ చెప్పండి. డైరెక్టర్ కూడా చేతులు కట్టుకుని నిలబడి విచారణ చేయకూడదు. కూర్చున్నవారి కళ్ళకు సమంగా వంగి, ఏం జరిగిందో ముందు తప్పు చేసిన పక్షాన్నే అడిగి, పుస్తకం తెరిచి చదవాలి. కంఠస్థం వచ్చినా చదవాలి. పుస్తకంలోంచి వచ్చిన మాటను ఎవరూ మనసుకు తీసుకోరు.

అన్నిటికంటే సున్నితమైనది ఆగి ఆలోచించడం. కొత్త ఆటగాడు నిమిషంసేపు ఆలోచించి పాస్ అంటాడు. అతని జోడీ ఆ తరువాత బిడ్ చేస్తే ప్రత్యర్థులు అభ్యంతరం చెబుతారు. పదహారో నియమం కిందికి వచ్చే విషయం ఇది. ఆలోచించడం తప్పు కాదు, అందుకు కొంత సమయం తీసుకోవచ్చు. ఆ జాప్యం నుంచి తెలిసిన సంగతిని జోడీ వాడుకోకూడదు, అంతే. ఈ రెండు వాక్యాలూ ఈ వరుసలోనే చెప్పాలి. మొదటిది వదిలేసి రెండోది చెబితే, కొత్త జంటకు తాము మోసం చేశామన్న అర్థం వెళ్తుంది. ఆ మాట పడ్డ జంట తిరిగి రాదు.

ఇక నోటి దురుసుతనం. డెబ్భై నాలుగో నియమం ఎల్లవేళలా మర్యాదగా ఉండమంటుంది, అది సలహా కాదు. నేను చూసినంతలో ఎదుటి జంటను తిట్టేవారికంటే సొంత జోడీని తిట్టేవారే ఎక్కువ. ‘అది ఆటీన్ వేయాల్సిన చోటా?’ అని హాలంతా వినిపించేలా అనడం, డమ్మీ పరచగానే మొహం చిట్లించడం. దాన్ని వాళ్ళిద్దరి సొంత వ్యవహారమని వదిలేస్తాం. ఆ టేబుల్ దగ్గరున్న మిగతా ఇద్దరూ దాన్ని భరిస్తున్నారు, పక్క టేబుల్ వారూ వింటున్నారు. కమిటీలు వెనకాడేది ఆ మనిషి క్లబ్బులో మంచి ఆటగాడైనప్పుడు. ఆయన్ను మందలిస్తే ఒక టేబుల్ పోతుందని భయం. ఆయన వల్ల చెప్పకుండా వెళ్ళినవారిని ఎవరూ లెక్కించలేదు కాబట్టే ఆ భయం. పద్ధతి ముందే రాసి గోడకు అంటించండి: మొదటిసారి విడిగా హెచ్చరిక, రెండోసారి బోర్డు మార్కుల్లో కోత, మూడోసారి ఆ రోజుకు ఆట బంద్. అందరికీ ఒకటే. డైరెక్టర్ స్నేహితుడికీ అదే, క్లబ్బు అధ్యక్షుడికీ అదే.

వేళ విషయంలోనూ కొత్తవారి మీదే నింద పడుతుంది. నిజానికి కాలాన్ని తినేది ఎక్కువగా పాత జంటలు. ఆట ముగిసిన బోర్డును ఐదు నిమిషాలు విడమరచి చర్చిస్తారు. ఆ బోర్డు ఇంకా ఆడని పక్క టేబుల్ వారి చెవిన పడితే, వాళ్ళకు ఆ బోర్డే పాడవుతుంది. అలాంటప్పుడు డైరెక్టర్ ఏ తప్పూ లేని జంటకు ఆ బోర్డుకు కనీసం 60 శాతం ఇవ్వవలసి రావచ్చు. చర్చ అంతా ఆట ముగిశాక పెట్టుకోమనండి, అందుకు అరగంట హాలు తెరిచి ఉంచండి. ఆ అరగంటే కొందరికి క్లబ్బు. నాలుగు చేతులూ ముద్రించిన కాగితాలు అప్పుడే పంచండి. ఆ కాగితం కింద ‘నార్త్–సౌత్ నాలుగు ఇస్పేట్లు చేయగలరు’ అని ఉంటుంది. అది 52 ముక్కలనూ చూస్తూ కంప్యూటర్ వేసిన లెక్క అనీ, మూసిన చేతులతో ఆడే మనిషికి ఆ దారి తట్టకపోవడం సహజమనీ కొత్తవారికి ఒకరు చెప్పాలి.

ఆన్‌లైన్ గురించి అడుగుతారని తెలుసు. బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ 2001 నుంచి ఉంది. 2020లో హాళ్ళు మూతపడినప్పుడు ఎన్నో క్లబ్బులు దాని మీదే ఊపిరి నిలుపుకున్నాయి. ఇల్లు కదలలేనివారికి అది వరం, వారి కోసం వారానికి ఒక ఆన్‌లైన్ ఆట ఉంచండి. కానీ అక్కడ రివోక్ కుదరదు, వంతు తప్పి ముక్క పడదు, విరామంలో కబుర్లు ఉండవు. స్క్రీన్ మీద మాత్రమే ఆడినవారు హాలుకు మొదటిసారి వచ్చినప్పుడు, ముక్కలు ఎలా సర్దుకోవాలో, ట్రిక్కు గెలిచారో ఓడారో తెలిసేలా ముక్కను నిలువుగానో అడ్డంగానో ఎలా పెట్టాలో పక్కన కూర్చుని చూపించే మనిషి కావాలి.

చివరిగా ఒక పని. మీ డైరెక్టర్ రేపు రాలేకపోతే ఆట జరుగుతుందా? చాలా క్లబ్బుల్లో తాళాలు, బోర్డులు, స్కోరు కంప్యూటర్ పాస్‌వర్డ్, సభ్యుల ఫోన్ నంబర్లు అన్నీ ఒకే మనిషి దగ్గర ఉంటాయి. ఆ మనిషి అలిసిపోతే క్లబ్బు ఆగిపోతుంది. ఈ నెలలోనే ఇద్దరిని ఎంచుకోండి, వారిలో ఒకరు పట్టికలో కింది సగంలో ఉండేవారైతే మరీ మంచిది. మంచి డైరెక్టర్ కావడానికి గొప్ప ఆటగాడు కానవసరం లేదు. 2017 నియమావళిలో వంతు తప్పిన ముక్క, రివోక్, చాలని బిడ్ (ముందటి బిడ్‌ను మించని బిడ్), వంతు తప్పిన బిడ్ – ఈ నాలుగు భాగాలూ వారితో కలిసి చదవండి. మామూలు వారపు ఆటలో వచ్చే పిలుపుల్లో చాలా భాగం ఇవే. తరువాత రెండు ఆటల్లో పిలుపు వచ్చినప్పుడల్లా వారిని వెంట తీసుకెళ్ళండి. మూడో ఆటలో వారే తీర్పు చెప్పాలి, మీరు పక్కన నిలబడాలి. లెక్కల పుస్తకం, జోడీలు కుదిర్చే ఫోను వేరే ఇద్దరికి అప్పగించండి.

నేను అయిదు టేబుళ్ళ హోవెల్‌లో ఏ జంట ఎప్పుడు ఎక్కడికి కదలాలో చెప్పే గైడ్ కార్డుల నమూనా తెచ్చాను, ముందు వరుస నుంచి వెనక్కి అందించండి. అవి చూస్తూ ప్రశ్నలు అడగవచ్చు.